చేయి తగిలిన పూతరేకులు

"ఏమ్మా, మనుషుల్ని తియ్యడం రాదా నీకు?"

రాజమండ్రిలో ఒక నగల కొట్టు యజమాని కృపారాణిని ఈ మాట అడిగి ఇరవై రెండేళ్ళయింది. అప్పుడామె ఆయన గల్లాపెట్టె పక్కన నల్ల వెల్వెట్ గుడ్డ పరిచి, ఫోటో తియ్యడానికి ఒక కాసులపేరును కొవ్వొత్తి మైనంతో నిలబెట్టే పనిలో ఉంది. తల ఎత్తకుండానే జవాబు చెప్పింది.

"మనుషులు కదులుతారండి."

కొట్లో అందరూ నవ్వారు. యజమాని కూడా నవ్వి, సాయంత్రం బిల్లులో రెండు వందలు తగ్గించి ఇచ్చాడు.

జవాబు బాగానే ఉంది గాని నిజం కాదు. మనుషుల్ని తియ్యడం ఆమెకు వచ్చు. తియ్యనివ్వలేదు, అంతే. డిగ్రీ అయ్యాక కోటగుమ్మం దగ్గర ఒక స్టూడియోలో పనికి చేరింది. మొదటి ఏడాదంతా పాస్‌పోర్టు ఫోటోలు కత్తిరించింది. రెండో ఏడాది పెళ్ళిళ్ళకు పంపారు. పందిట్లోకి మాత్రం ఇద్దరు మగ ఫోటోగ్రాఫర్లు వెళ్ళేవారు. కృపారాణి నిడదవోలు పక్కన ఒక ఊరి పేటలో, లూథరన్ చర్చి వెనకింట్లో పుట్టిన పిల్ల. ఆ సంగతి ఎవరు మోసేవారో గాని, ఆమె కంటే ముందే పెళ్ళింటికి చేరేది. "పాప చేత సారె తీయించండి" అనేవారు పెద్దలు, ఎంతో మర్యాదగా. వరండాలో వరసగా పేర్చిన అరిసెల పళ్ళేలు, చీరలు, ఇత్తడి బిందెల ముందు ఆమెను వదిలేసి అందరూ ముహూర్తానికి లోపలికి పోయేవారు. అక్కడ తొందరపెట్టేవాళ్ళు లేరు. ఒక్క లడ్డూల పళ్ళేన్ని గంటసేపు తీసుకోవచ్చు. అలా తీసిన ఒక బిందె ఫోటో చూసే నగల కొట్టాయన పిలిపించాడు.

వివక్షే ఆమెను కళాకారిణిని చేసిందని రాయడం సులువు. మహిళా దినోత్సవం నాడు ఒక పత్రిక జిల్లా పేజీలో అలాగే రాశారు కూడా. కృపారాణి ఆ ముక్క చదివి పక్కన పడేసింది. "బిందెని తీస్తే రెండొందలు, పెళ్ళికూతుర్ని తీస్తే రెండు వేలు. కళ సంగతి నాకు తెలీదండి. తేడా పద్దెనిమిది వందలు" అంది.

తర్వాత సొంతంగా స్టూడియో పెట్టుకుంది. దానవాయిపేటలో మేడ మీద ఒక పొడుగాటి గది, దానికి ఉత్తరపు గోడ నిండా కిటికీ. ఆ కిటికీ కోసమే ఆ గది. ఎండ సూటిగా పడదు. ఉదయం తొమ్మిది నుంచి సాయంత్రం నాలుగు దాకా వెలుతురు పెద్దగా మారదు. కిటికీకి బటర్ పేపర్ అంటించి, ఎదురుగా వెలుతురు తిప్పికొట్టే థర్మోకోల్ అట్టలు నిలబెడితే ఆవకాయ సీసా అయినా, వజ్రపుటుంగరమైనా దాని పని అది చేసుకుపోతుంది. ఖరీదైన లైట్లు ఆమె ఎప్పుడూ కొనలేదు. డబ్బుల్లేక కొనలేదని ఆమే చెబుతుంది.

అట్టలు పట్టుకోవడానికి చిట్టెమ్మ ఉంది. పదిహేనేళ్ళ కిందట గది ఊడవడానికి వచ్చి, ఉండిపోయిన మనిషి. స్టీలు సామాను తీసేటప్పుడు గదిలో ఉన్నదంతా అందులో కనబడుతుంది, తీసే మనిషితో సహా. అందుకని చుట్టూ తెల్ల పంచెలు గుడారంలా కట్టి, చిన్న కంత లోంచి తియ్యాలి. ఒకసారి పంచె జారింది. ఒక స్టీలు కంపెనీ కేటలాగు అయిదు వేల కాపీలు అచ్చయ్యాక చూస్తే, ఇడ్లీ పాత్ర పొట్ట మీద చిట్టెమ్మ ఆవలిస్తూ ఉంది. కంపెనీవారు గుర్తుపట్టలేదు. చిట్టెమ్మ మాత్రం ఆ పేజీ చింపి ఇంట్లో గోడకి అంటించుకుంది.

తిండి పదార్థాలు తియ్యడమంటే సగం మోసం. ఈ విషయంలో కృపారాణికి ఏ సిగ్గూ లేదు. కాఫీ మీద ఆవిరి నిజానికి కప్పు వెనక గుచ్చిన అగరువత్తి పొగ. ఆ వాసన పట్టి పాస్టరుగారు ఒకసారి మెట్ల మీదే ఆగిపోయి, "లోపల ఏం జరుగుతోంది సిస్టర్?" అని అడిగారు. "కాఫీ అండి" అందామె. కూరగాయల మీద మంచు బిందువులు గ్లిజరిన్. ఐసు ముక్కలు ప్లాస్టిక్. పచ్చడి మీద నూనె మెరుపు కోసం ఏం పూస్తుందో ఇక్కడ రాస్తే ఎవరూ పచ్చడి కొనరు.

పని అయిపోయాక ఆ తిండిని ఏం చేస్తారన్నది ఈ కథకు ముఖ్యం. మిఠాయి కొట్లవారు, పచ్చళ్ళవారు డబ్బాలకు డబ్బాలు పట్టుకొచ్చేవారు. కృపారాణి చేతులు కడుక్కుని వాటిని తీసి, పేర్చి, సర్ది, ఫోటోలు తీసేది. సాయంత్రం వెళ్ళేటప్పుడు మూత తియ్యని డబ్బాలు లెక్కపెట్టి తీసుకుపోయేవారు. ఆమె చేయి తగిలినవి మాత్రం అక్కడే వదిలేసేవారు. "మీరే ఉంచుకోండమ్మా, ఎవరికైనా పెట్టండి" అనేవారు, దానం చేస్తున్న గొంతుతో. ఒక్కరు కూడా కారణం చెప్పలేదు. ఆమె ఎవర్నీ అడగలేదు. మందు పూసినవి చెత్తబుట్టలోకి, పూయనివి చిట్టెమ్మ ఇంటికి వెళ్ళేవి. ఇరవై ఏళ్ళకు పైగా ఇదే పద్ధతి. కాబట్టి "వీటిని తినకండి" అని ఎవరికీ చెప్పాల్సిన పని ఆమెకు ఎప్పుడూ పడలేదు. వాళ్ళెలాగూ తినరు.

కిందటి ఏడాదికి పని బాగా తగ్గిపోయింది. కొట్లవాళ్ళు ఫోన్లతోనే తీసుకుంటున్నారు. మిగిలినవాళ్ళు కంప్యూటర్ చేత బొమ్మలు చేయించుకుంటున్నారు. నెలకు పాతిక పనులు వచ్చేచోట మూడో నాలుగో వస్తున్నాయి. నలభై ఆరేళ్ళు వచ్చాయి, నడుం నొప్పి వచ్చింది, సీసా ముందు వంగితే లేవడానికి చిట్టెమ్మ చెయ్యి కావాల్సి వస్తోంది. అక్టోబరులో ఇంటి ఓనరు గంగరాజు మేడెక్కి వచ్చాడు.

"నేను వేరే ఉద్దేశంతో అనట్లేదండి కృపారాణిగారూ. కోచింగ్ సెంటరోళ్ళు అద్దె రెట్టింపు ఇస్తామంటున్నారు. మీరు పాతవారు. డిసెంబరు ఆఖరికి లక్షన్నర అడ్వాన్సు కట్టెయ్యండి, ఇంకో మూడేళ్ళు మీ జోలికి రాను."

"కట్టకపోతే అండి?"

"కట్టకపోతే అని నా నోటితో ఎందుకనిపిస్తారండీ?"

బ్యాంకులో ఆమెకు ముప్పై వేలున్నాయి. ఆ కిటికీ పోతే లైట్లు కొనాలి, లైట్లకు ఇంకో లక్ష కావాలి. అంటే కిటికీ పోతే పనే పోయినట్టు. సరిగ్గా ఆ నెలలోనే ఉదయ్‌కుమార్ ఫోన్ చేశాడు.

ఉదయ్‌కుమార్ వాళ్ళది ఆత్రేయపురం వైపు. తల్లి తలుపులమ్మ భూములున్న ఇంటి కోడలు. పాతికేళ్ళ కిందట వంటింట్లో మొదలుపెట్టిన పూతరేకుల వ్యాపారంలో ఇప్పుడు నలభై మంది ఆడవాళ్ళు పనిచేస్తున్నారు. ఆన్‌లైన్‌లో అమ్మడానికి కొడుకు ముందు కంప్యూటర్ చేతే బొమ్మలు చేయించాడు. అవి తెచ్చి కృపారాణికి చూపించాడు.

"ఇదేంటండి, మసాలా దోసెకి సున్నం కొట్టినట్టుంది" అందామె.

"అదే మా బాధ. దానికి పూతరేకు తెలీదండి. ఎన్నిసార్లు చెప్పినా దోసే వేస్తోంది."

అరవై ఫోటోలకు రెండు లక్షల నలభై వేలకు మాట అయింది. అరవై వేలు ముందు, మిగతాది పని పూర్తయ్యాక. కృపారాణి ఆ రాత్రే గంగరాజుకు ఫోన్ చేసి గది వదలనని చెప్పింది.

నవంబరులో మూడు రోజుల పని. పూతరేకు లొంగే వస్తువు కాదు. పల్చటి కాగితం లాంటి ఆ రేకు గాలిలో తడి తగిలితే మెత్తబడి వాలిపోతుంది, ఎండితే పెళుసెక్కి పొడవుతుంది. మధ్యలో ఉండేది పది నిమిషాలు. గోదావరి ఒడ్డున ఆ పది నిమిషాలు కూడా లేవు. మొదటి రోజు నలభై రేకులు పాడయ్యాయి. రెండో రోజు కృపారాణి హెయిర్ స్ప్రే తెప్పించి, రేకుల మీద మూడు పూతలు కొట్టింది. నెయ్యి తెల్లగా గడ్డకడుతోందని దాని బదులు గ్లిజరిన్ రాసింది. ఆ తర్వాత అవి కదల్లేదు. కిటికీ వెలుతురు పొరలు పొరలుగా లోపలికి దూరి, రేకు అంచులు ముత్యపు చిప్పలా మెరిశాయి. ఆమె తీసినవాటిలో మంచివి ఏవంటే అవే.

మూడో రోజు ఆదివారం. కొడుకును వెంటబెట్టుకుని తలుపులమ్మ స్వయంగా వచ్చింది. అరవై దాటిన మనిషి, గట్టి గొంతు. వచ్చీ రాగానే స్టూలు లాక్కుని కూర్చుంది.

"మంచినీళ్ళియ్యమ్మా."

కృపారాణి చిట్టెమ్మ వైపు చూసింది. ఇలాంటివాళ్ళకు కింది కొట్లోంచి సీసా తెప్పించడం అలవాటు. తలుపులమ్మ అది కనిపెట్టింది. "కొన్నవి వద్దు, నీ కుండలోవే ఇయ్యి. మాకు పట్టింపుల్లేవు" అంది. ఇచ్చింది. గ్లాసు నోటికి ఆనించుకునే తాగి, ఖాళీ గ్లాసును కాస్త పైకెత్తి కొడుక్కి చూపించింది.

సాయంత్రానికి పని అయింది. కృపారాణి లోపలి చిన్న గదిలో కంప్యూటర్ ముందు కూర్చుని ఫోటోలు పంపిస్తోంది. అమ్మకు ఈ రాత్రే చూపించాలని ఉదయ్‌కుమార్ అడిగితే, డబ్బు పూర్తిగా ముట్టకుండానే అరవై ఫోటోలూ పంపేసింది. అది ఒక పొరపాటు. బయట బల్ల మీద యాభై దాకా పూతరేకులున్నాయి.

"ఇవేం చేస్తావమ్మా?" అని తలుపులమ్మ గుమ్మంలోంచి అడిగింది.

"అవక్కడే ఉంచెయ్యండమ్మా. మేం చూసుకుంటాం" అంది కృపారాణి, అటు తిరక్కుండానే. ఇది రెండో పొరపాటు.

తలుపులమ్మకు అది మొహమాటంలా వినిపించింది. ముట్టుకున్నవి తీసుకెళ్ళమంటే బాగోదని పాపం అలా అంటోంది అనుకుంది. ఆ మొహమాటం పోగొట్టడం తన ధర్మమనుకుంది. పళ్ళెంతో సహా కారులో పెట్టించింది. మర్నాడు కార్తీక సోమవారం. పగలంతా ఉపవాసం ఉండి, భజన బృందంలోని నలుగురు ఆడవాళ్ళను వెంటబెట్టుకుని ద్రాక్షారామం వెళ్ళి, చీకటి పడేవేళకు ఇంటికొచ్చింది. చుక్కను చూసి, పూతరేకులు దేవుడి ముందు పెట్టి, అందరికీ పంచి తనూ తిన్నది. పంచుతూ ఇవి ఎవరి చేతి మీదుగా వచ్చాయో చెప్పింది కూడా.

ఖాళీ కడుపులు. గంటలో అయిదుగురికీ వాంతులు మొదలయ్యాయి.

మంగళవారం పొద్దున్న ఉదయ్‌కుమార్ ఫోన్ చేసి ఒకే ప్రశ్న అడిగాడు, "వాటికేం పూశారండీ?" కృపారాణి దాచకుండా చెప్పింది. ప్రమాదం లేదని, ఒక పూట సెలైను ఎక్కిస్తే చాలని డాక్టరు అన్నాడట. అయినా ఆమె చీర మార్చుకుని ఆసుపత్రికి బయల్దేరింది. చిట్టెమ్మ మెట్ల దగ్గర ఆపింది.

"మర్చిపోయాననే చెప్పమ్మా. మర్చిపోయినోళ్ళని ఓ తిట్టు తిట్టి వదిలేత్తారు. వేరే మాట ఎత్తకు."

మంచి సలహా. ఆటోలో దారి పొడుగునా కృపారాణి అదే మాట మనసులో అనుకుంటూ వెళ్ళింది. ఆసుపత్రిలో అయిదు మంచాలు వరసగా ఉన్నాయి. చివరి మంచం మీద తలుపులమ్మ దిండుకి ఆనుకుని కూర్చుని ఉంది. కోపంగా లేదు. కాస్త నవ్వింది కూడా.

"ఏమ్మా, మా చేత తల నూనె తినిపించావు?"

"హెయిర్ స్ప్రే అండి."

"అదే. ఒక్క ముక్క చెప్పొచ్చుగా?"

అక్కడ మర్చిపోయానండి అంటే సరిపోయేది. మూడు రోజుల పని, ఒంటి అలసట ఇంకా తీరలేదు, నడుం విరిగిపోతోంది. అబద్ధాన్ని పేర్చి నిలబెట్టే ఓపిక ఆ పూట ఆమెకు లేకపోయింది.

"మీరు తినరనుకున్నానండి."

"ఎందుకు తినను?"

కృపారాణి తన అరచేతుల వైపు చూసుకుంది. సెలైను సీసా వైపు చూస్తూ పక్క మంచం మీది ఆవిడ గొంతు సవరించుకుంది. తలుపులమ్మ మొహంలో నవ్వు మెల్లగా పోయింది.

"అంటే నేను అలాంటిదాన్ననా? నీ కుండలో నీళ్ళు తాగాను కదమ్మా! నా గురించి ఇలా అనుకున్నావా?"

"అందరూ అంతేనండి ఇన్నాళ్ళూ. అలవాటులో..."

"అందరూ వేరు, నేను వేరు!"

వాంతులకు రాని కోపం అప్పుడు వచ్చింది. కడుపులో మందు పోసినందుకు ఆమె క్షమించగలిగింది. నలుగురి ముందు తన పెద్దమనసును లెక్కలోకి తీసుకోనందుకు క్షమించలేకపోయింది. ఇందులో ఆశ్చర్యమేమీ లేదు. పట్టింపులున్నవారు ఎదుటివాళ్ళను దూరం పెట్టి ఊరుకుంటారు. పట్టింపుల్లేవని చెప్పుకునేవారికి మాత్రం ఎదుటివాళ్ళ సాక్ష్యం కావాలి.

ఆ రోజు నుంచి డబ్బు ఆగిపోయింది. ఉదయ్‌కుమార్ ఫోన్ ఎత్తడం మానలేదు, అమర్యాదగా ఒక్క మాటా అనలేదు. "తప్పకుండా ఇస్తామండి. అమ్మ మనసు కాస్త కుదుటపడనివ్వండి" అనేవాడు. నవంబరు అయిపోయింది. డిసెంబరు మొదటి వారంలో గంగరాజు మళ్ళీ మేడెక్కాడు. గది కొలుచుకోవడానికి కోచింగ్ సెంటర్ మనిషిని కూడా తెచ్చాడు. "ఊరికే కొలత అండి, కొలిస్తే తప్పేముంది" అన్నాడు. ఆ మనిషి కిటికీ చూసి, ఇక్కడ ప్లైవుడ్ కొట్టి బోర్డు పెట్టెయ్యొచ్చన్నాడు.

క్రిస్మస్‌కు ముందు తలుపులమ్మే ఫోన్ చేసింది.

"ఆదివారం మా ఇంటికి భోజనానికి రామ్మా. ఆ నలుగురూ వస్తారు. నువ్వు మా మధ్య కూర్చుని తినాలి. తర్వాత డబ్బు సంగతి మాట్లాడుకుందాం."

ఆత్మాభిమానం ఉన్న మనిషి వెళ్ళకూడదని అనేవాళ్ళుంటారు. వాళ్ళ అద్దె ఎవరు కడుతున్నారో కనుక్కోవాలి. కృపారాణి వెళ్ళింది. లక్షా ఎనభై వేలకు ఒక పూట తినడం ఆమె చేసిన పనులన్నిటిలోకీ తేలికైంది.

పెద్ద సావిట్లో అరిటాకులు వేశారు. ఆమెను మధ్యలో కూర్చోబెట్టారు. తలుపులమ్మ నడుం వంచి తన చేత్తో వడ్డించింది. పులిహోర, ఆవ పెట్టిన పనసపొట్టు కూర, గుమ్మడికాయ పులుసు, చివరన పూతరేకులు.

"ఈసారి దీనికేం కొట్టలేదు కదా వదినా?" అని భజన బృందంలో ఒకావిడ అడిగితే అందరూ పగలబడి నవ్వారు. కృపారాణి కూడా నవ్వింది. ఉదయ్‌కుమార్ ఫోన్‌తో ఫోటో తీస్తూ, "కొంచెం ఇటు చూడండి మేడమ్" అన్నాడు. వెలుతురు ఆమె వెనక నుంచి వస్తోంది, మొహం నల్లగా పడుతుందని ఆమెకు తెలుస్తూనే ఉంది. చెప్పిన వైపే చూసింది.

వెళ్ళేటప్పుడు జాకెట్టు ముక్క, అరటిపళ్ళు చేతిలో పెట్టారు. గుమ్మం దగ్గర ఆమె చెప్పుల్లో కాలు పెట్టి ఆగింది.

"అమ్మా, ఆ బ్యాలెన్సు... ముప్పై ఒకటో తారీకు లోపల కావాలండి."

తలుపులమ్మ చెయ్యి పట్టుకుంది. నిజంగానే ప్రేమగా పట్టుకుంది. "తిన్న చెయ్యి ఆరకుండానే లెక్కలేంటమ్మా! ఇప్పుడు నువ్వు ఇంటి మనిషివి. ఇంటి మనిషి డబ్బు ఎక్కడికి పోతుంది?"

స్టూడియోకి వచ్చాక చిట్టెమ్మ జాకెట్టు ముక్క విప్పి చూసింది.

"కూలి అడగటానికెళ్ళి కూడు తినొచ్చావా అమ్మా?"

"పనసపొట్టు బాగుంది" అంది కృపారాణి, కుర్చీలో వాలిపోతూ.

ఆ తర్వాత మూడుసార్లు ఫోన్ చేసింది. మూడుసార్లూ తలుపులమ్మే ఎత్తి, ఆరోగ్యం అడిగి, మళ్ళీ ఎప్పుడొస్తావని అడిగింది. బయటివాళ్ళయితే బాకీ అడగొచ్చు, గొడవ పెట్టుకోవచ్చు, నలుగురిలో పెట్టొచ్చు. ఇంటి మనిషికి ఆ దారులు లేవు. భోజనం ఫోటో ఫేస్‌బుక్‌లో ఉంది. మూడు వందల మంది మెచ్చుకున్నారు. దాని కింద డబ్బు మాట రాస్తే ఎవరు సిగ్గులేనివాళ్ళవుతారో ఆమెకు తెలుసు.

ముప్పై ఒకటో తారీకు మధ్యాహ్నం గది ఖాళీ చేసింది. థర్మోకోల్ అట్టలు రిక్షా మీద నిలవక రెండు గాలికి పోయాయి. గంగరాజు కిందకొచ్చి, సామాను ఎక్కించడానికి సాయం పట్టాడు. ఇప్పుడు లాలాచెరువు వైపు, ఒకప్పటి జెరాక్స్ కొట్టులో ఉంటోంది. దానికి కిటికీ లేదు, షట్టరు ఉంది. అదీ పడమరకి. సాయంత్రం మూడయ్యేసరికి ఎండ సూటిగా బల్ల మీద పడుతుంది. పొద్దుటిపూట రొయ్యల మేత సంచులు, విత్తనాల పాకెట్లు తీస్తోంది, ఫోటోకు మూడు వందలకు. తిండి వస్తువులు తియ్యడం మానేసింది. చిట్టెమ్మ వారానికి రెండు రోజులే వస్తోంది. మిగతా రోజులు కోచింగ్ సెంటర్లో ఊడుస్తోంది.

పూతరేకుల అట్టపెట్టెల మీద, ఆన్‌లైన్‌లో, రాజమండ్రి స్టేషన్లో బోర్డు మీద ఉన్నవి కృపారాణి తీసిన ఫోటోలే. ఒప్పుకున్నది రెండు లక్షల నలభై వేలు. ముట్టింది అరవై వేలు. మిగతా లక్షా ఎనభై వేలు ఇంకా రాలేదు.